జీన్ ఎడిటింగ్ వరి వస్తోందంటున్నారు, విత్తన సంఘంగా మేం ఏం అడగాలి?

విత్తనబుట్ట అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మాది చిన్న విత్తన సంఘం. ఎక్కువమంది ఆడవాళ్ళమే. డిగ్రీ అయ్యాక ఊళ్ళోనే ఉండిపోయిన కుర్రాళ్ళు కొందరు ఈ మధ్య చేరారు. దేశవాళీ వరి, కొర్ర, రాగి, కూరగాయల విత్తనాలు దాచి, సీజన్ ముందు ఒకరికొకరం ఇచ్చిపుచ్చుకుంటాం. అందరివీ ఎకరం, రెండెకరాల కమతాలే. కౌలుకు చేసేవాళ్ళూ ఉన్నారు.

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి రెండు జీన్ ఎడిటింగ్ వరి రకాలు ప్రకటించారు కదా. ఒకటి డీఆర్ఆర్ ధాన్ 100, దానికి కమల అని పేరు పెట్టారు. రెండోది పూసా డీఎస్‌టీ రైస్ 1. కమలను మన సాంబ మసూరి నుంచి, పూసా రకాన్ని మన కాటన్‌దొర సన్నాల నుంచి చేశారని తెలిసినప్పటి నుంచి మా సంఘంలో ఇదే చర్చ. విత్తనం ఇంకా మా దాకా రాలేదు. కానీ వచ్చాక ఆలోచిద్దాంలే అని కూర్చోవడం నాకు ఇష్టం లేదు.

సగం మంది "ఇది బీటీ పత్తికి చెల్లెలే, ఊళ్ళోకి రానివ్వకూడదు" అంటున్నారు. మిగతా సగం "20 రోజులు ముందే కోతకొస్తుందట, చివరి తడికి కాలవలో నీళ్ళుండవని మనకు తెలియదా, పైగా ప్రభుత్వ సంస్థ చేసిన విత్తనం, వద్దనడం దేనికి" అంటున్నారు. రెండు వైపులా మాట్లాడేది మా వాళ్ళే, రెండు వైపులా నిజాయితీగానే మాట్లాడుతున్నారు. అందుకే నాకు టెన్షన్‌గా ఉంది. దీని మీద సంఘం చీలిపోతే మళ్ళీ కలపడం కష్టం.

వచ్చే గ్రామసభలో ఒక తీర్మానం పెట్టించాలనుకుంటున్నాం. అందులో ఏం రాయాలి? ఇంకొక విషయం, కుర్రాళ్ళు వాతావరణ న్యాయం గురించి మాట్లాడుతుంటారు. మొన్న ఒక సమావేశంలో ఒక అధికారి "ఈ వరితో భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు తగ్గుతుంది, దీన్ని వద్దనేవాళ్ళు వాతావరణం గురించి మాట్లాడకూడదు" అనేశారు. మావాళ్ళకు ఏం చెప్పాలో తోచలేదు. నాకూ తోచలేదు.

శాస్త్రం తెలిసినవాళ్ళు, పొలం తెలిసినవాళ్ళు ఇద్దరూ చెప్పండి.


మొక్కల_ల్యాబ్ జవాబు

నేను మొక్కల జన్యుశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ఈ రెండు రకాలు తయారుచేసిన బృందాలతో నాకు సంబంధం లేదు. ముందు బీటీకీ దీనికీ తేడా చెప్తాను, ఎందుకంటే గ్రామసభలో ఎవరైనా నిలదీస్తే మీరు అక్కడే ఇబ్బంది పడతారు.

బీటీ పత్తిలో నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువును తెచ్చి పెట్టారు. దానివల్ల మొక్కే పురుగును చంపే ప్రోటీన్ తయారు చేస్తుంది. కమలలో బయటి జన్యువు ఏదీ ఉండదు. వరిలోనే సీకేఎక్స్2 అని ఒక జన్యువు ఉంది. సైటోకైనిన్ అనే హార్మోన్‌ను విరగ్గొట్టే ఎంజైమును తయారుచేయడం దాని పని. క్రిస్పర్ అనే, జన్యువును అనుకున్న చోట కోసే పద్ధతితో ఆ జన్యువులో చిన్న కోత పెట్టి దాని పని తగ్గించారు. హార్మోన్ ఎక్కువసేపు నిలబడితే కంకిలో గింజలు ఎక్కువ పడతాయి. పూసా రకంలో డీఎస్‌టీ అనే జన్యువును దెబ్బతీశారు. ఆకు మీద ఉండే పత్రరంధ్రాలు ఎంత తెరుచుకోవాలో నిర్ణయించడంలో ఆ జన్యువుకు పాత్ర ఉంది. అది పనిచేయకపోతే మొక్క నీటిని పొదుపుగా వాడుకుంటుంది, ఉప్పునూ కొంత తట్టుకుంటుంది.

ఇక్కడ ఒక విషయం జనానికి సరిగా చెప్పరు. కోత పెట్టే పనిముట్టును ల్యాబ్‌లో మొక్కలోకి ఎక్కిస్తారు. ఎక్కువగా వాడే పద్ధతిలో ఆ పనిముట్టు తాలూకు జన్యువు, మొదటి తరం మొక్కలో ఉంటుంది. తర్వాతి తరంలో అది లేని మొక్కలను ఏరుకుంటారు. ఏరివేత పూర్తిగా జరిగిందా, అనుకున్న చోట కాకుండా ఇంకెక్కడైనా కోత పడిందా అనేది పరీక్షించి చూపించాలి. పరీక్షలు ఉన్నాయి, చేయడం కష్టమూ కాదు. ఫలితాలు జనం ముందు పెట్టడం దగ్గరే పని ఆగిపోతోంది.

ఇక అనుమతి సంగతి. జన్యుమార్పిడి పంటలకు 1989 నాటి నిబంధనలు ఉన్నాయి, పర్యావరణ శాఖ కింద ఉండే జీఈఏసీ అనే జన్యుమార్పిడి పరిశీలన కమిటీ చూడాలి. 2022 మార్చి 30న కేంద్ర పర్యావరణ శాఖ ఒక మెమో ఇచ్చింది. బయటి డీఎన్ఏ మిగలని ఎడిటింగ్ మొక్కలకు ఆ నిబంధనల్లో 7 నుంచి 11 వరకు వర్తించవని చెప్పింది. దాంతో జీఈఏసీ దాకా వెళ్ళే పని లేకుండా పోయింది. భద్రత పరిశీలన ప్రధానంగా సంస్థ స్థాయి జీవభద్రతా కమిటీ చేతిలో ఉంటుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఈ బియ్యం తింటే ప్రమాదం అని చెప్పే ఆధారం నాకు ఎక్కడా కనపడలేదు. దయచేసి తీర్మానంలో 'విషం' అనే మాట రాయకండి. అదే సమయంలో, తయారుచేసిన సంస్థే తన విత్తనానికి సర్టిఫికెట్ ఇచ్చుకునే పద్ధతి శాస్త్రానికి కూడా మంచిది కాదు. సమాచారం బయటపెట్టమని అడగడం శాస్త్ర వ్యతిరేకం అని ఎవరన్నా నేను ఒప్పుకోను.

అంకెల విషయానికొస్తే, కమల సాంబ మసూరి కంటే 19 శాతం ఎక్కువ దిగుబడి ఇస్తుందని, 20 రోజులు ముందు కోతకొస్తుందని ప్రకటించారు. పూసా రకం తీరప్రాంతపు చౌడు నేలల్లో 30.4 శాతం ఎక్కువ ఇస్తుందన్నారు. తర్వాత 2025 చివర్లో జీఎం (జన్యుమార్పిడి) రహిత భారత్ కోసం పనిచేసే కూటమి, ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) సొంత ప్రయోగ నివేదికల్లోనే ఈ అంకెలకు తగ్గ ఫలితాలు లేవని ఆరోపించింది. ఐసీఏఆర్ దాన్ని తోసిపుచ్చింది. ఇద్దరిలో ఎవరిని నమ్మాలి అని మీరు తల పట్టుకోవక్కర్లేదు. ఏ కేంద్రంలో, ఏ సీజన్లో, ఏ రకం నేలలో ఎంత పండిందో పట్టిక అడగండి. సగటు అంకె మీ పొలం గురించి ఏమీ చెప్పదు.


కౌలు_రైతు జవాబు

అన్నలకు, అక్కలకు నమస్తే. నేను నాలుగెకరాలు కౌలుకు చేస్తాను, చివరి ఆయకట్టు. ఒక్క మాట అందరూ వినాలి.

నాకు ఆ 20 రోజులు కావాలి. పొట్ట దశ దాటి పాలు పోసుకునే టైముకు కాలవ కట్టేస్తారు. ఆయిల్ ఇంజన్ పెట్టి తోడుకుంటే వచ్చిన లాభం డీజిల్‌కే సరి. పోయిన ఏడాది గింజ సగం తాలు. సంఘం వాళ్ళు, చదువుకున్నవాళ్ళు కలిసి "మాకొద్దు" అని తీర్మానం చేస్తే అందులో నా మాట ఉండదు. నన్ను అడక్కుండా నా తరఫున వద్దనకండి.

అలాగని ఎగబడి వేస్తానని కాదు. నేను భయపడేది వేరే. కొత్త రకం వేసి పోతే నాకేం వస్తుంది? పాసుబుక్కు ఓనరు పేరు మీద ఉంటుంది. ఆంధ్రలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు, 11 నెలల ఒప్పందం రాసుకుంటే కౌలుదారుకు కార్డు ఇస్తారు. కానీ ఓనరు సంతకం పెట్టాలి. మా ఓనరు పెట్టడు, పొలం పోతుందని ఆయన భయం. కార్డు లేదు కాబట్టి పరిహారం లేదు, బ్యాంకు లోను లేదు. వడ్డీకి తెచ్చి వేసేవాడు ఒక్క పంట పోతే లేవలేడు.

ఇంకొకటి. మిల్లరు సాంబ మసూరిని చూసి, చేత్తో నలిపి, నోట్లో వేసుకుని రేటు కడతాడు. కొత్తది కూడా అచ్చం అలాగే ఉంటే కలిసిపోదా? కలిసిందని తెలిసిన రోజు రేటు ఎవరికి తగ్గుతుంది? మాకే కదా. దీనికి ఎవరైనా జవాబు చెప్పండి.


కొర్రకంకి జవాబు

చెల్లీ, మీరు అవునా కాదా అని అడగకుండా ఏం అడగాలి అని అడిగారు, అది నాకు చాలా నచ్చింది. నేను మహిళా సంఘాలతో విత్తనాల పనిలోనే పెద్దదాన్నయ్యాను. ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, దాచుకోకుండా చెప్తాను.

విషమా కాదా అనే వాదనలోకి దిగకండి. ఆ వాదన మొదలైన నిమిషంలో మైకు వేరేవాళ్ళ చేతికి పోతుంది, మన ఆడవాళ్ళు చాప మీద కూర్చుని వినేవాళ్ళైపోతారు. మనం అడగాల్సినవి మనకు బాగా తెలిసినవే. ఈ గింజ దాచుకుని మళ్ళీ వేసుకోవచ్చా? పక్క ఊరి చెల్లెలికి ఇవ్వొచ్చా? పంట పోతే ఎవరు కడతారు? మా నేలలో, మాకు వచ్చే నీళ్ళతో ఎవరు పరీక్షించారు? ఈ నాలుగింటికీ జవాబు చెప్పాల్సిన బాధ్యత తెచ్చేవాళ్ళది. చెప్పేదాకా "వేయం" అనే హక్కు మనది.

బీటీ పత్తి సంగతి కుర్రాళ్ళకు పూర్తిగా చెప్పండి, సగం చెప్పకండి. 2002 మార్చిలో అనుమతి వచ్చింది. మొదట్లో శనగపచ్చ పురుగు తగ్గింది, మందు కొట్టే ఖర్చు తగ్గింది, రైతులు ఇష్టపడే వేశారు. అది నిజం. 2005లో మూడు హైబ్రిడ్లు ఇక్కడ సరిగా పండలేదని ఆంధ్రప్రదేశ్‌లో వాటి అనుమతి పొడిగించలేదు. వరంగల్ రైతులకు పరిహారం కట్టమని ప్రభుత్వం చెప్పినా ఆ విత్తనం అమ్మిన కంపెనీ ఒప్పుకోలేదు. అదీ నిజం. 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 రూపాయల పైచిలుకు ఉండేది. అందులో రాయల్టీ వాటా మరీ ఎక్కువని మన రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు వెళ్ళాకే 2006లో 750కి దిగింది. ఆ తర్వాత గులాబీ రంగు పురుగు వచ్చింది. మొదటి తరం బీటీని అది తట్టుకుంటోందని 2010లో బయటపడింది, రెండో తరానికి కూడా కొన్నేళ్ళలోనే అలవాటు పడింది. విత్తనం పనిచేసినన్నాళ్ళు రాయల్టీ తీసుకున్నవాళ్ళెవరూ, అది పనిచేయడం మానేశాక అప్పులో వాటాకు రాలేదు. నా కోపమంతా అక్కడే.

కౌలు తమ్ముడూ, నీ మాట తీర్మానంలో మొదట ఉండాలి. ఊరికే మర్యాదకు అనడం లేదు. నువ్వు అడిగిన కల్తీ ప్రశ్నకు లోకంలో ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 2006లో అమెరికాలో, అనుమతి లేని ఒక జన్యుమార్పిడి వరి మామూలు బియ్యంలో కలిసిందని తేలింది. యూరప్, జపాన్ కొనుగోళ్ళకు అడ్డుకట్ట వేశాయి, అక్కడి రైతుల రేటు పడిపోయింది. కోర్టుల చుట్టూ తిరిగాక 2011లో ఆ వరి తాలూకు బేయర్ కంపెనీ రైతులకు 75 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అక్కడ రైతులకు లాయర్లు ఉన్నారు, రికార్డులు ఉన్నాయి. కార్డు కూడా లేని నీకు ఏం దిక్కు? అందుకే విత్తనం రాకముందే బాధ్యత ఎవరిదో రాతపూర్వకంగా కావాలంటున్నాను. మన 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టంలో సెక్షన్ 39 చదవండి. రిజిస్టరైన రకమైనా సరే రైతు దాచుకోవచ్చు, మళ్ళీ వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, బ్రాండు పేరు పెట్టి అమ్మకూడదంతే. అదే సెక్షన్‌లో, చెప్పినంత పండకపోతే పరిహారం అడిగే హక్కు కూడా ఉంది. దాన్ని వాడుకునేవాళ్ళే తక్కువ.

విత్తనానికి మన దేశంలో పేటెంటు లేదు, పేటెంటు చట్టం సెక్షన్ 3(జె) ఒప్పుకోదు. కానీ క్రిస్పర్ అనే పనిముట్టుకు పేటెంట్లు ఉన్నాయి, వాటిలో ముఖ్యమైనవి విదేశీ సంస్థల చేతిలో ఉన్నాయి. అమ్మకానికి తెచ్చేటప్పుడు లైసెన్సు ఎవరి దగ్గర తీసుకుంటారు, ఆ షరతులు మన దాచుకునే హక్కును ముట్టుకుంటాయా? ప్రభుత్వ విత్తనమే కదా అన్నవాళ్ళకు ఈ ప్రశ్న వేయండి.

మీథేన్ గురించి ఆ అధికారి అన్న మాటకు జవాబు ఇదిగో. నీళ్ళు నిలిచిన మడిలో నేలకు గాలి అందదు. అక్కడ పెరిగే సూక్ష్మజీవుల వల్ల మీథేన్ పుడుతుంది. కాబట్టి పంటకాలం తగ్గితే, నీళ్ళు నిలిచే రోజులు తగ్గితే మీథేన్ తగ్గుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ ఆ పని ఆరుతడి కూడా చేస్తుంది, ఏ రకం వరితోనైనా చేస్తుంది. మడిలో చిల్లుల పైపు ఒకటి పాతుతారు. లోపల నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్ళీ తడి పెడతారు, పూత దశలో మాత్రం నీళ్ళు నిలబెడతారు. పైపులోకి పుల్ల దించి చూస్తే చాలు, చదువు రాని వాళ్ళూ చూసుకోగలరు. అయితే ఆరుతడి కావాలంటే, అడిగిన రోజు కాలవలో నీళ్ళు రావాలి. చివరి ఆయకట్టు వాళ్ళకు ఆ భరోసా లేదు కాబట్టే వచ్చినప్పుడు నిండా పెట్టేసుకుంటారు. పైగా నీళ్ళు నిలవకపోతే కలుపు పెరుగుతుంది. ఆ కలుపు వంగి తీసేది ఆడవాళ్ళే. కలుపు కూలి గురించి ఒక్క మాట లేకుండా మీథేన్ లెక్క చెప్పేవాళ్ళను నేను నమ్మను.

వాతావరణ న్యాయం అంటే నాకు ఇదే. 1992 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోనే దేశాలన్నిటిదీ ఉమ్మడి బాధ్యతే అయినా అందరిదీ ఒకే పాళ్ళలో కాదని రాసుకున్నారు. ఎకరం రైతు కూడు కోసం పండించే మడిలోంచి వచ్చే మీథేన్‌నూ, కార్ల పొగనూ, కార్ఖానా పొగనూ ఒకే తక్కెడలో వేసి "ముందు నువ్వు తగ్గించు" అంటే అది అన్యాయం. తగ్గిస్తాం. కాలవ నీళ్ళు, కలుపు కూలి, పంట పోతే భరోసా ఇచ్చి అడగమనండి, అన్నిటికంటే ముందు తగ్గించేది మేమే.

మరొకటి, ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. వాతావరణాన్ని తట్టుకునే గుణం ల్యాబ్‌లో పుట్టిందని అనుకుంటున్నారు. రెండు వారాలు మునిగినా బతికే స్వర్ణ సబ్1 ఉంది కదా, ఆ గుణం ఒడిశా రైతుల పాత వరి నుంచి వచ్చింది, శాస్త్రవేత్తలు దాన్ని ఎఫ్ఆర్13ఏ అంటారు. ఉప్పును తట్టుకునే సాల్టాల్ గుణం కేరళ పొక్కాలి నుంచి వచ్చింది. స్వర్ణ సబ్1 మామూలు సంకరంతోనే, జన్యు గుర్తులు చూసి ఏరుకుంటూ చేసిన రకం. మన సాంబ మసూరికే ఎండాకు తెగులును తట్టుకునే శక్తి ఇచ్చి హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి మెరుగైన సాంబ మసూరి చేశాయి, అదీ ఇదే పద్ధతి. దారి ఒక్కటే ఉందని ఎవరన్నా చెప్తే ఈ పేర్లు చదివి వినిపించండి. మీ ఊరి జీవవైవిధ్య కమిటీ రిజిస్టరులో మీ దగ్గరున్న పాత రకాలన్నీ ఎక్కించారా? ఎక్కించకపోతే తీర్మానం కంటే ముందు ఆ పని చేయండి. రేపు వాటి గుణం తీసుకుని ఎవరైనా కొత్త రకం చేస్తే, ఇది ఫలానా ఊరి విత్తనం అని చెప్పడానికి ఆ కాగితం ఒక ఆధారం.

మనలాంటి వాళ్ళు తీర్పు చెప్పలేరన్నవాళ్ళకు ఆల్గోల్ గురించి చెప్పండి. 2001 జూన్‌లో అప్పటి మెదక్ జిల్లాలోని ఆ ఊళ్ళో ప్రజాతీర్పు జరిగింది. జ్యూరీలో చిన్న, సన్నకారు రైతులు, ఎక్కువమంది ఆడవాళ్ళు, దళితులు. వాళ్ళ ముందు అధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీల వాళ్ళు వచ్చి వాదన చెప్పుకున్నారు. జ్యూరీ అడ్డ ప్రశ్నలు వేసింది. చివరికి జన్యుమార్పిడి పంటలు వద్దని, విత్తనం, నేల, నీరు ఊరి చేతిలో ఉండాలని తీర్పు చెప్పింది. తొమ్మిదేళ్ళ తర్వాత బీటీ వంకాయ మీద హైదరాబాద్‌తో కలిపి ఏడు నగరాల్లో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ బహిరంగ విచారణలు పెట్టి, 2010 ఫిబ్రవరి 9న ఆ పంటను నిలిపేశారు. జనాన్ని అడగడం అసాధ్యం ఏమీ కాదు. ఒకసారి చేశారు, మళ్ళీ చేయమని అడగండి.

చివరగా, విత్తనం వస్తే ఎవరి సొంత పొలంలోనూ వేయనివ్వకండి, కౌలు పొలంలో అసలే వద్దు. సంఘం ఉమ్మడి మడి ఒకటి తీసుకుని, కొత్తదాన్నీ, మెరుగైన సాంబ మసూరినీ, మీ దగ్గరున్న స్వల్పకాలిక దేశవాళీ రకాన్నీ పక్కపక్కన వేయండి. కొత్తదాని చుట్టూ ఖాళీ వదలండి, ఆ గింజ సంఘం విత్తన కుండల్లోకి రాకుండా విడిగా నూర్చండి. ముందు తడి గోనెపట్టాలో వందేసి గింజలు చుట్టి మొలక చూడండి. పిలకలు, కంకి పొడవు, తాలు, కోత తేదీ మన ఆడవాళ్ళే రాసుకోవాలి. గడ్డి ఎంత వచ్చిందో, పశువులు ఇష్టంగా తిన్నాయో లేదో కూడా రాయండి, ఆ గడి ప్రభుత్వ పట్టికలో ఉండదు. వండి తిని చూసే ముచ్చట మాత్రం ల్యాబ్ తమ్ముడు చెప్పిన పరీక్షల కాగితాలు చేతికి వచ్చాకే. నష్టం వస్తే సంఘం అంతా పంచుకుంటుంది, ఏ ఒక్కరి నెత్తిన పడదు.


విత్తనబుట్ట

అక్కా, తమ్ముళ్ళూ, అందరికీ ధన్యవాదాలు. ఇవాళ సాయంత్రం ఈ జవాబులన్నీ సంఘంలో చదివి వినిపించాను. కౌలు రైతు గారి మాటలకు మావాళ్ళలో ఇద్దరు లేచి "మా సంగతీ ఇదే" అన్నారు. అంతవరకు వాళ్ళు నోరు విప్పలేదు.

తీర్మానం చిత్తు ప్రతి ఇలా రాశాం, తప్పులుంటే చెప్పండి:

"జీన్ ఎడిటింగ్ వరి రకాల ప్రయోగ ఫలితాలు కేంద్రాల వారీగా, సంవత్సరాల వారీగా, జీవభద్రత పరీక్షల నివేదికలతో సహా తెలుగులో మా పంచాయతీకి ఇవ్వాలి. ఈ విత్తనం దాచుకునే, పంచుకునే హక్కుకు ఏ లైసెన్సు షరతూ అడ్డు రాదని రాసి ఇవ్వాలి. విత్తన సంచి మీద జీన్ ఎడిటింగ్ రకమని తెలుగులో ముద్రించాలి. పంట నష్టపోయినా, కల్తీ వల్ల రేటు పడినా పరిహారం ఎవరు ఇస్తారో ముందే ప్రకటించాలి. ఆ పరిహారం సాగు చేసిన వ్యక్తికే చెందాలి, పొలం ఎవరి పేరున ఉన్నా సరే. ఆరుతడికి వీలుగా చివరి ఆయకట్టుకు నీటి విడుదల తేదీలు సీజన్ ముందే చెప్పాలి. ఇవన్నీ జరిగేవరకు మా గ్రామంలో ఈ విత్తనం పంపిణీ చేయవద్దని కోరుతున్నాం."


కౌలు_రైతు

"సాగు చేసిన వ్యక్తికే" అన్న మాట తీసేయమని పెద్ద రైతులు పట్టుబడతారు. తీసేయకండి. అది ఉంటే నేను కూడా వచ్చి చెయ్యెత్తుతాను.


మొక్కల_ల్యాబ్

తీర్మానం బాగుంది. దానికి విత్తనాన్ని ఆపే చట్టబద్ధ అధికారం లేదని మీకు తెలిసే ఉంటుంది. రికార్డులో ఉంటుంది, రేపు విచారణ జరిగితే పనికొస్తుంది. సమాచారం కోసం మాత్రం తీర్మానం మీద ఆధారపడకుండా, దాంతో పాటే ఆర్‌టీఐ దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, కేంద్ర సంస్థలకు ఆన్‌లైన్‌లో కూడా పంపొచ్చు. కమల గురించి రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థకు, పూసా రకం గురించి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థకు వేర్వేరుగా రాయండి.

"వివరాలు తెలపండి" అని రాస్తే ప్రెస్ నోట్ జిరాక్సు పంపిస్తారు. పత్రం పేరుతో అడగండి: ఫలానా రకం పాల్గొన్న అఖిల భారత సమన్వయ ప్రయోగాల్లో ప్రతి కేంద్రం దిగుబడి, కోతకు పట్టిన రోజులు, పోల్చిన రకం దిగుబడి, సంస్థ జీవభద్రతా కమిటీ సమావేశాల మినిట్స్, బయటి డీఎన్ఏ లేదని తేల్చిన పరీక్షల నివేదిక, క్రిస్పర్ లైసెన్సు ఒప్పందం ప్రతి. వ్యాపార రహస్యమని సెక్షన్ 8(1)(డి) చూపించి కాదనొచ్చు. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వాలని అదే సెక్షన్‌లో ఉంది, దరఖాస్తులోనే ఆ ముక్క రాసేయండి. బీటీ వంకాయ భద్రత సమాచారం కూడా ఇలాగే ఆర్‌టీఐ దరఖాస్తులో మొదలై, కోర్టుల దాకా వెళ్ళాకే బయటికొచ్చింది.

30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, కాదన్నా అక్కడి నుంచి ఇంకో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి. దరఖాస్తు చిత్తు ప్రతి నాకు పంపండి, ఈ వారంలో చూసి ఇస్తాను.